ఇల్లు నడిరోడ్డున ఆగితే

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఒక సరదా బాగా కనిపిస్తోంది. మే నెలాఖరున మెమోరియల్ డే వస్తుంది, బడులకు సెలవులిస్తారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చి ఉంటారు. అందరూ కలిసి ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఏ ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరతారు. తెలియనివారి కోసం ఒక్క మాట. ఆర్‌వీ అంటే లారీ చట్రం మీద కట్టిన చిన్న ఇల్లు. ముందు స్టీరింగు, వెనక మంచాలు, మధ్యలో గ్యాసుపొయ్యి, ఫ్రిజ్జు, సింకు, మనిషి పట్టేంత బాత్రూము. సొంత ఇంజను లేకుండా పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కుపోయే రకమూ ఉంది, దాన్ని ట్రైలర్ అంటారు. దారిలో హోటలు గదులు వెతుక్కోనక్కర్లేదు, పప్పూ అన్నమూ వండుకోవచ్చు, పెద్దవాళ్ళు నడుం వాల్చవచ్చు. సుఖమే, కాదనను. ఆ ఇల్లు మనిషి జాడలేని చోట ఆగిపోతే ఏమిటన్నదే ఇవాళ్టి విషయం.

కారు చెడితే ప్రయాణం ఆగుతుంది, అంతే. ఆర్‌వీ చెడితే ప్రయాణంతోపాటు వంటిల్లు, పడకలు, మంచినీళ్ళు, మందులు పెట్టుకున్న ఫ్రిజ్జు, అన్నీ ఒక్కసారే రోడ్డున పడతాయి. అందుకే దీన్ని గురించి మాట్లాడేటప్పుడు ఏ పనిముట్లు వెంట తీసుకుపోవాలి, ఏ భాగం ఎలా విప్పాలి అన్న దగ్గర మొదలుపెడతారు చాలామంది. నేను అక్కడ మొదలుపెట్టను. ఇలాంటి బండి ఆగిపోవడంలో విరిగిన భాగం పాలు కొంతే. బరువులో, వేగంలో, వేడిలో, రోజుల లెక్కలో ఏ మాత్రం వెసులుబాటు మిగల్చకుండా అంచుదాకా వాడేసుకోవడం పాలే ఎక్కువ. ఆగిన తరవాత గట్టెక్కించేది కూడా, మిగిలి ఉంటే, ఆ వెసులుబాటే. ఈ మాట ఊరికే అనడం లేదు, లెక్కలు చూద్దాం.

మొదట బరువు. ఆర్‌వీ తలుపు దగ్గర ఒక చీటీ అంటించి ఉంటుంది, చాలా బళ్ళలో పసుపు రంగుది. ఎక్కే మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దానిమీద రాసి ఉంటుంది. నీళ్ళ ట్యాంకు నిండితే ఆ నీళ్ళ బరువెంతో కూడా వేసి ఉంటుంది. చీటీ మీద 1,500 పౌండ్లు అని ఉందనుకోండి. ఆరుగురు మనుషులు, తలకు 150 చొప్పున 900 పౌండ్లు. నలభై గ్యాలన్ల నీళ్ళు, గ్యాలనుకు 8.3 లెక్కన 332 పౌండ్లు. మిగిలింది 268 పౌండ్లు, అంటే 120 కిలోల పైచిలుకు. ఆరుగురి సూట్‌కేసులు, మడత కుర్చీలు, పిల్లల సైకిళ్ళు, సోనామసూరి బస్తా, ప్రెషర్ కుక్కరు, ఇడ్లీ పాత్ర, పచ్చడి జాడీలు ఆ మిగిలినదాంట్లోనే సర్దుకోవాలి. సర్దుతాం, చోటు ఉంది కదా అని. బీరువాలో చోటుండడం వేరు, ఇరుసుకు సత్తువ ఉండడం వేరు. క్యాంపు దగ్గర కుళాయి ఉన్నప్పుడు దారి పొడుగునా నిండు ట్యాంకు మోయనక్కర్లేదు, మూడోవంతు చాలు. ఒక్క ఆ పనితో రెండు వందల పౌండ్ల పైన తగ్గుతుంది. అనుమానంగా ఉంటే, ట్రక్కులు ఆగే పెద్ద బంకుల్లో కాటా ఉంటుంది. కొద్ది డాలర్లకే ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా చీటీ ఇస్తారు.

ఈ బరువంతా చివరికి నేలను తాకేది టైర్ల దగ్గర. కారు టైరు అరిగిపోయి పోతుంది. ఆర్‌వీ టైరు అరక్కుండానే పోతుంది. ఏడాదిలో పది నెలలు ఎండలో కదలకుండా నిలబడే బండికి గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉంటాయి, లోపల రబ్బరు మాత్రం ఎండకూ గాలికీ పెళుసెక్కుతుంది. పక్కగోడల మీద సన్నని పగుళ్ళు కనిపిస్తే అది వయసు గుర్తు. ఆ వయసు దాచేదేమీ కాదు. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందన్నమాట. గాట్లు ఎంత బాగున్నా ఆరేళ్ళకే మార్చమనే బళ్ళ కంపెనీలు ఉన్నాయి. పదేళ్ళు దాటాక వాడవద్దని టైర్ల కంపెనీలే చెబుతున్నాయి.

ఇక గాలి. గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతిసారీ పక్కలు నలిగి సాగుతాయి, ఆ నలుగుడులో వేడి పుడుతుంది. వేడికి రబ్బరు పొరల మధ్య పట్టు సడలుతుంది. చివరికి పేలుడు వినిపించేది హైవే మీదే అయినా, పని మొదలైంది బయలుదేరిన గుమ్మం దగ్గరే. వెనక ఇరుసుకు పక్కపక్కన రెండేసి టైర్లుండే బండిలో ఇంకో చిక్కుంది. లోపలి టైరు గాలి దిగినా బయటికి కనిపించదు. దాని బరువు కూడా బయటి టైరే మోస్తూ మోస్తూ అదీ పోతుంది. ఈ విద్య తెలిసినవాళ్ళు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నారు. విజయవాడ హైవే మీద ఏ దాబా దగ్గరైనా ఆగిన లారీని చూడండి. డ్రైవరు టీ తాగుతుంటే క్లీనరు చేతిలో ఇనపకడ్డీతో బండి చుట్టూ తిరిగి ప్రతి టైరునూ ఒక దెబ్బ వేస్తాడు. కడ్డీ గట్టిగా ఎగిరిపడితే మంచిది, మొద్దుగా మోగితే గాలి లేదు. అమెరికాలో మీటరు పెట్టి చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. ఆగిన ప్రతి చోటా ఆ ప్రదక్షిణ మాత్రం క్లీనరు దగ్గర నేర్చుకోదగిందే. దసరాకు బండికి కుంకుమబొట్టు పెట్టి చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తాం. వంగి నిమ్మకాయ పెట్టే ఆ చేతికి టైరు అంగుళం దూరంలోనే ఉంటుంది.

వేగం సంగతీ ఇక్కడిదే. వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద గంటకు 80 మైళ్ళ బోర్డులు కనిపిస్తాయి. ట్రైలర్లకు వేసే ప్రత్యేక టైర్లలో చాలావాటిని, వేరే గుర్తు లేకపోతే, 65 మైళ్ళకు మించి వాడకూడదు. బోర్డు రోడ్డు సామర్థ్యం చెబుతుంది, టైరు సామర్థ్యం కాదు. కాలిఫోర్నియా ఈ సంగతి గుర్తించింది కాబోలు, ట్రైలరు లాగే బళ్ళకు అక్కడ 55 మైళ్ళే హద్దు.

కొండదారి దగ్గర వేడి లెక్క ఇంకా స్పష్టం. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. అక్కడినుంచి పడమరగా సిల్వర్‌థోర్న్ ఊరికి దిగేసరికి రెండు వేల అడుగుల పైన కిందికి వస్తాం. ఆరు టన్నుల బండి రెండు వేల అడుగులు దిగితే విడుదలయ్యే శక్తితో సుమారు వంద లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు. ఆ వేడిలో కొంత గాలి తీసుకుంటుంది, కొంత ఇంజను తీసుకోగలదు. మనం గేరు తగ్గించకపోతే మిగతాదంతా బ్రేకుల మీద పడుతుంది. కాలిన బ్రేకు ముందు వాసన కొడుతుంది, తరవాత తొక్కినా పట్టదు. పట్టని బళ్ళకోసమే ఆ దిగుడులో రోడ్డు పక్కన ఎగువకు గులకరాళ్ళ దారులు కట్టి ఉంచారు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే సూత్రానికి అమెరికాలోనూ తిరుగులేదు. ఎక్కేటప్పుడు వేడి ఇంజను వైపు తిరుగుతుంది. లాస్ ఏంజలస్ నుంచి లాస్ వేగాస్ పోయే దారిలో బేకర్ అనే చిన్న ఊరుంది. అక్కడ 134 అడుగుల ఎత్తున ఒక ధర్మామీటరు నిలబెట్టారు. 1913 జులైలో దగ్గరి డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్‌కు గుర్తు అది. ఆ ఊరు దాటగానే రోడ్డు వేల అడుగులు ఎక్కుతుంది. నడివేసవి మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ పూర్తిగా పెట్టి, నిండు బరువుతో ఆ ఎత్తు ఎక్కి రేడియేటరు పొంగితే తప్పు రేడియేటరుదా? అదే ఎత్తు తెల్లవారుజామున అయిదింటికి అదే బండి నిమ్మళంగా ఎక్కుతుంది. పొంగిన రేడియేటరు మూత వెంటనే తిప్పకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళు ఎగజిమ్మి మొహం కాలుతుంది. ఇంజను పూర్తిగా చల్లారేదాకా, గంట పట్టినా సరే, ఆగాలి. ఆ గంట మన దగ్గర ఉందా లేదా అన్నదే నేను మొదట్లో అన్న వెసులుబాటు.

బండికి వచ్చే చిక్కులన్నీ ఇంత పెద్దవి కావు. పొద్దున్నే తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటుంది బండి. రాత్రి హెడ్‌లైట్లు ఆర్పడం మరిచిపోయి ఉంటారు. ఇంజనుకు ఒక బ్యాటరీ, ఇంట్లో దీపాలకు వేరే బ్యాటరీ ఉంటాయని, ఇంటి బ్యాటరీని కాసేపు ఇంజనుకు అరువిచ్చే మీట చాలా ఆర్‌వీల్లో స్టీరింగు దగ్గరే ఉంటుందని తెలియక టో ట్రక్కుకు ఫోన్ చేసేవాళ్ళున్నారు. ఆగినచోట గదిని వెడల్పు చేయడానికి గోడను బయటికి జరిపే ఏర్పాటు ఉంటుంది, స్లైడ్ అంటారు. తిరిగి వెళ్ళేరోజున ఆ గోడ లోపలికి రాకపోతే బండి కదలడానికి లేదు. చాలాసార్లు కారణం ఫ్యూజో, నీరసించిన బ్యాటరీయో అయి ఉంటుంది. చాలా రకాలకు చేత్తో తిప్పి లోపలికి లాక్కునే హ్యాండిలు కూడా ఇస్తారు. అది ఏ అరలో ఉందో బండి తీసుకున్నరోజే అడిగినవాళ్ళకు పది నిమిషాల పని, అడగనివాళ్ళకు ఒక రోజు.

ఇక నిజంగా హైవే మీద ఆగిపోతే? టైరు పేలితే గభాలున బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని బండిని దానంతటదే నెమ్మదించనిచ్చి కుడి అంచుకు తేవాలి. దీపాలు మిణుకుమనేలా పెట్టి, అందరూ రోడ్డుకు ఎడంగా ఉన్న వైపునుంచి దిగి, వీలైతే రెయిలింగు అవతలికి పోవాలి. ఇది మనవాళ్ళకు కష్టం. బండిలో మంచాలున్నాయి, ఏసీ ఉంది, పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు, లోపలే కూర్చోమంటారు. పక్కనుంచి పోయే ట్రక్కు ఒక్క క్షణం అదుపు తప్పితే ఆ గోడలు ఆగవు. అవి ఇంటి గోడలూ కావు, కారు ఉక్కూ కావు. చాలా బళ్ళలో పలచని రేకో ఫైబరో, లోపల చెక్క చట్రం. బండి వెనక వంద అడుగుల దూరాన ఒకటి, రెండు వందల అడుగుల దగ్గర ఇంకొకటి మెరిసే త్రికోణాలు పెట్టాలి. పొగ గానీ గ్యాసు వాసన గానీ వస్తే సామాను జోలికి పోకుండా దూరంగా పోవడమే. పాస్‌పోర్టులూ మందులూ ఉన్న సంచీ ఒక్కటి తలుపు దగ్గరే వేలాడదీసి ఉంచుకుంటే ఆ క్షణంలో వెనక్కి పరిగెత్తే పని ఉండదు.

సాయానికి ఫోన్ చేసేటప్పుడు బండి చెడింది రండి అంటే చాలదు. రోడ్డు పక్క చిన్న ఆకుపచ్చ బోర్డు మీద ఉండే మైలు అంకె, ఏ దిక్కుగా పోతున్నారు, బండి పొడవెంత, ఎత్తెంత, బరువెంత, వెనక కారు లాగుతున్నారా, పోయింది లోపలి టైరా బయటి టైరా, ఇవన్నీ చెబితేనే తగిన ట్రక్కు వస్తుంది. కార్లు ఎత్తే ట్రక్కు వచ్చి, చూసి, నావల్ల కాదని తిరిగిపోతే ఇంకో మూడు గంటలు. చాలా ఆర్‌వీలకు స్టెప్నీయే ఉండదు కనుక టైరు కూడా వాళ్ళే తేవాలి, అందుకు సైజు చెప్పాలి. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి సన్‌వైజరుకు గుచ్చుకోవడం బయలుదేరే ముందురోజు పని.

ఈ వెసులుబాటు మాటకు అభ్యంతరాలు ఉన్నాయి. కొత్త బండి, వారంటీ ఉంది, భయమెందుకు అంటారు. అమెరికా ఆర్‌వీల్లో అధిక భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. చట్రం, ఇంజను ఒక కంపెనీవి, దానిమీద ఇల్లు కట్టేది ఇంకొకరు, ఫ్రిజ్జూ హీటరూ మరొకరివి. ఎవరి వారంటీ వారిదే. ఇంజను మెకానిక్కు ఫ్రిజ్జు ముట్టుకోడు, ఫ్రిజ్జు బాగుచేసేవాడికి ఇంజను తెలియదు. మామూలు కార్ల షెడ్డులో ఇంత ఎత్తు బండి పట్టదు. పైగా కొత్త ఇంట్లో తలుపులు బిగుసుకున్నట్టే కొత్త ఆర్‌వీలో లోపాలు మొదటి ప్రయాణాల్లోనే బయటపడతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మొదటి రాత్రి ఇంటికి ఇరవై మైళ్ళలోపు గడుపుతారు. అద్దె బండే కదా, వాళ్ళే చూసుకుంటారు అనేవాళ్ళకు ఒప్పందం చదవమనే నా మాట. సాధారణంగా వాళ్ళ అనుమతి లేకుండా బాగుచేయించిన ఖర్చు తిరిగి రాదు. వేసవిలో డెత్ వ్యాలీకి పోకూడదని షరతు పెట్టే కంపెనీలున్నాయి. ఆ షరతు దాటి ఆగితే అక్కడినుంచి లాగే ఖర్చు మన నెత్తినే.

రెండో అభ్యంతరం ఫోను. అన్నిచోట్లా సిగ్నలు ఉంటుంది, దారిలో బండి ఆగితే సాయానికొచ్చే సంస్థలో సభ్యత్వం ఉంది, పిలిస్తే వస్తారు అంటారు. ఎల్లోస్టోన్ ఒక్కటే 22 లక్షల ఎకరాలు, అందులో చాలా భాగంలో సిగ్నలు రాదు. 2022 తరవాత వచ్చిన కొన్ని ఫోన్లు ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపగలవు, అదీ ఆకాశం కనిపించేచోట. కారుకు తీసుకున్న సభ్యత్వం ఆర్‌వీకి వర్తించకపోవచ్చు, ముందే అడగాలి. సరే, అన్నీ ఉన్నాయి, మనిషి నాలుగు గంటల్లో వస్తానన్నాడు. ఆ నాలుగు గంటలూ ఎండలో నాన్నగారి ఇన్సులిన్ సంగతేమిటి? వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు ఫ్రిజ్జు బయట 28 రోజుల దాకా ఉంటాయి, 86 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉంటేనే. ఏసీ ఆగిన బండిలో ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. గ్యాసుతో నడిచే పాతతరహా ఫ్రిజ్జుకు కంప్రెసరు ఉండదు, మంటకు కాగిన అమ్మోనియా ద్రావణం తనంత తాను పారుతూ చల్లబరుస్తుంది. బండి బాగా ఒరిగి ఆగితే ఆ పారుదల నిలిచిపోతుంది. కాబట్టి మంచుముక్కల డబ్బా ఒకటి, మనిషికి ఒక గ్యాలను తాగునీరు విడిగా ఉండాలి. ఏసీ కోసం జనరేటరు వేస్తే దాని పొగ లోపలికి రాకుండా చూసుకోవాలి. అందులోని విషవాయువుకు వాసన ఉండదు.

మూడోది బలమైన అభ్యంతరం. ఉన్నది నాలుగు రోజుల సెలవు, ఇన్ని వెసులుబాట్లు వదిలితే చూసేదేమిటి? ఆర్‌వీ నడిపేవాళ్ళలో మూడు మూళ్ళ లెక్క ఒకటుంది. రోజుకు 300 మైళ్ళు మించకు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరు, ఒకచోట 3 రాత్రులుండు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి ఎల్లోస్టోన్ తొమ్మిది వందల మైళ్ళ పైన. ఈ లెక్కన పోవడానికే మూడు రోజుల పైన, రావడానికీ అంతే. నాలుగు రోజుల్లో కుదరదు. కుదిరించాలంటే రాత్రిళ్ళు నడపాలి, 80 మీద నడపాలి, చప్పుడు వినిపించినా ఆగకూడదు. చెడేది అప్పుడే. విమానంలో సాల్ట్ లేక్ సిటీకి పోయి అక్కడ బండి తీసుకుంటే దూరం సుమారు 320 మైళ్ళు. అప్పుడు ఆ నాలుగు రోజుల్లో ఒక రోజు బండి ఆగినా యాత్ర నిలబడుతుంది.

ఎంత జాగ్రత్తపడ్డా చెప్పకుండా చెడే భాగాలుంటాయని కూడా ఒప్పుకోవాలి. కంప్యూటరు చిప్పు కాలిపోవచ్చు, రోడ్డు మీద ఇనపముక్క టైరును చీల్చవచ్చు. అలాంటప్పుడు కోపం తెచ్చుకుని లాభం లేదు. దగ్గరి ఊళ్ళో గది తీసుకోవడం, మిగిలిన క్యాంపులు రద్దు చేయడం, భాగం వచ్చేదాకా ఆ చిన్న ఊరు చూడడం, అంతే. ఆ ఖర్చు కొంత చేతిలో ఉంచుకోవడం కూడా బయలుదేరే ముందు లెక్కే.

ఈ వేసవిలో బయలుదేరబోయే శ్రోతలకు ఒక్క విన్నపం. తాళాలు చేతికి తీసుకుని సంతకం పెట్టేముందు ప్రతి టైరు మీదా ఆ నాలుగంకెలూ చదవండి. కొన్ని టైర్లకు అవి లోపలివైపు గోడ మీదే ఉంటాయి, బండి కిందికి వంగి టార్చి వేస్తే గానీ కనిపించవు.